మొండి స్వరం

రంగుల కొట్టు షట్టరు ఇంకా ఎత్తలేదు. డబ్బాల మధ్య స్టూలు మీద కూర్చుని, కొట్టు యజమానురాలు మౌత్ ఆర్గాన్ మీద పాట ముగించింది. బ్లూస్ బ్యాండులో గిటారు వాయించే తమ్ముడు వెనక గుమ్మానికి ఆనుకుని విన్నాడు.

"ఎలా ఉందిరా? శనివారం మీ బ్యాండులో నాకు చోటుందా?"

"పాట బాగుందక్కా. కానీ బ్లూస్ అంటే స్వరం ఒంగాలి, ఏడుపు గొంతులా కిందికి జారాలి. నీది కర్రలా నిలబడింది."

"రోజూ సాధన చేస్తూనే ఉన్నాను కదరా!"

"ఏం వాయిస్తున్నావు?"

"ఈ పాటే."

"వచ్చిందే వాయిస్తే సాధన ఎలా అవుతుందక్కా?"

ఆమెకు విషయం కొట్టు లెక్కలో అర్థమైంది.

"నిజమేరా. అమ్ముడుపోయే డబ్బాలే ముందు వరసలో సర్దుకుని మురిసిపోతున్నాను. ఇవాళ్టి నుంచి రోజూ పొద్దున్నే మొదటి బేరం ఆ మొండి స్వరంతోనే. అది లొంగాకే పాట."

"గాలి గట్టిగా లాగకు. నాలుక వెనక్కి తీసుకుని మెల్లగా పీల్చు."

"తెల్లరంగులో నలుపు కలిపినట్టన్నమాట, చుక్క చుక్కగా."

ఆమె పీల్చింది. స్వరం బిగుసుకుంది. మళ్లీ పీలిస్తే వణికి, కొంచెం కిందికి జారింది.

"అదిగో! కానీ శనివారానికి నీకు ఆ ఒక్కటే వస్తుందేమో."

"ఆ ఒక్కటి కావలసిన చోటే నన్ను వాయించనివ్వు. ఈ కొట్టు తెరిచిన రోజు నా దగ్గర తెల్లరంగు తప్ప ఇంకేముందిరా?"

తమ్ముడు నవ్వేశాడు.

"సరే, శనివారం వచ్చెయ్. ఇక షట్టరు ఎత్తనా?"

"ఉండరా, మొదటి బేరం ఇంకా తెగలేదు," అని ఆమె మళ్లీ పీల్చింది.