ఎదురుషాపుకి తెలియని మెయిలు

సోఫాలు కుట్టే షాపులో, రెగ్జిన్ ముక్కల మధ్య భార్యాభర్తలిద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

“ఇంకా ఏం ఆలోచిస్తారండీ? ఈ రెండిట్లో ఏదో ఒక కంపెనీ మెయిలు తీసుకుందాం.”

“రెండోది చవక. మొదటిదైతే ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడట.”

“ఏదైనా సరే, ఈ పాతది వదిలిపోతే చాలు. హోటళ్ల వాళ్లు మనకి రాయడం ఆలస్యం, ఎదురుషాపులో కూర్చుని మీ అన్నయ్య చదివేస్తున్నారు. మనకంటే తక్కువ రేటు చెప్పి ఆర్డరు తన్నుకుపోతున్నారు. మీరేమో కుక్కిన పేనులా ఊరుకుంటారు!”

“నన్నేం చెయ్యమంటావ్? షాపు కలిసి నడిపినప్పుడు ఈ మెయిలు అన్నయ్యే తెరిచాడు. పాస్‌వర్డ్ మార్చబోతే కోడ్ ఆయన ఫోన్‌కే పోతుంది.”

“అందుకే, ఫోన్ చేస్తే మనిషి పలికే ఆ మొదటిదే తీసుకుందాం. ఆయనకి తెలిసేలోపే అందరికీ కొత్త అడ్రస్ ఇచ్చేద్దాం.”

“ఆగు, అన్నయ్య మెసేజ్ పెట్టాడు.”

“ఇన్నాళ్లకా! ఏమని?”

“‘మొదటిది తీసుకోకండి, వాడి విసిగిపోయాను. రెండోది నయం’ అని.”

“అయ్యో రామా! ఆయనకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. ఆ రెండు కంపెనీల వాళ్లనీ వివరాలు పంపమన్నాను కదా.”

“ఎక్కడికి పంపమన్నారు?”

“ఎక్కడికంటావేంటే? మనకి ఇంకో మెయిలు ఎక్కడ ఏడ్చింది?”