తౌనో ముక్కులో తీగ

ఏంటమ్మా రీక్కా, కప్పు మీద చెయ్యి అడ్డం పెడతావేం? నా కాఫీ వద్దన్న మనిషి ఈ యాభై ఏళ్లలో ఒక్క పాస్టరే, ఆయనా పొరుగింట్లో అప్పటికే నాలుగు తాగేసి ఊగుతూ వచ్చాడు. ఆఁ? గుండెల్లో మంటా? పుల్లటి నీళ్ళు గొంతులోకి తన్నుకొస్తున్నాయా? ఎన్నాళ్ళ నుంచి? ఏడాదా! ఏడాది నుంచీ నా నెత్తిమీద వాటాలో ఉంటూ నాకొక ముక్క చెప్పలేదు చూడు. ఏమన్నావు, వచ్చే మంగళవారం పెద్దాసుపత్రిలో ముక్కులోంచి తీగ వేస్తారా? ఓస్, దానికా ఆ మొహం! కూచో, కూచో. ఆ తీగ సంగతి ఈ ఫిన్లాండ్ మొత్తం మీద నాకు తెలిసినంత డాక్టర్లకి కూడా తెలీదు. నవ్వకు. ముప్పై ఎనిమిదేళ్ళు టాక్సీ తోలాను, ఈ చుట్టుపక్కల జబ్బు చేసిన ప్రతి పొట్టా నా వెనక సీటు మీద కూచునే ఆసుపత్రికెళ్ళింది. నన్ను దాటి ఏ రోగమూ పోలేదు. తౌనోనైతే నేనే దగ్గరుండి తీగ పరీక్ష పాస్ చేయించాను. తౌనో అంటే నువ్వెరగవులే, నువ్వు పుట్టకముందే పోయాడు, యాభై అయిదేళ్ళకి. మన ఊళ్ళో పొగగొట్టాలు ఊడ్చేవాడు.

ఊడ్చేవాడంటే మామూలు ఊడ్చేవాడు కాదు. చిటికెడు మసి వేళ్ళ మధ్య నలిపి, మీ పొయ్యిలో బర్చ్ చెట్టు కట్టె తడిదని, దాన్ని నరికింది మీ బావమరిదని కూడా చెప్పేసేవాడు. సరే, బావమరిది ముక్క నేను కలిపానులే. ఊరూ చుట్టుపక్కలా కలిపి రెండు వేల ఇళ్ళు వాడి చేతికింద. ఏడాదికొకసారి గొట్టం ఊడ్పించుకోవాల్సిందేనని రూలాయె, కాబట్టి తౌనో రాని ఇల్లు లేదు, వాడు కాఫీ తాగని ఇల్లూ లేదు. పైకప్పు దిగి, వంటింట్లో గచ్చంతా పాత పేపర్లు పరిచి ఉంటాయి కదా, వాటి మీద నడుచుకుంటూ వచ్చి బల్ల దగ్గర కూచోవాలి. యాలకుల బన్ను, కాఫీ. ఒక్క కప్పుతో లేస్తే ఆ ఇల్లాలు వారం రోజులు కుమిలిపోదూ, నా బన్ను మాడిందా, నా కాఫీ పల్చనైందా అని? అందుకని ఇంటికి రెండు కప్పులు. రోజుకి ఎనిమిది ఇళ్ళు. తాగి, మళ్ళీ నిచ్చెనెక్కి, నడుం వంచి, తల గొట్టంలోకి వేలాడేసి పని. కడుపులో ఉన్నది కిందనే ఎందుకుంటుంది చెప్పు? జేబులో ఆ మంటకి నమిలే సుద్దబిళ్ళలు డబ్బాలకి డబ్బాలు ఉండేవి. అవి నమిలీ నమిలీ, మొహమంతా నల్లగా మసి, మూతి చుట్టూ తెల్లగా సుద్ద. పిల్లలు జడుసుకునేవాళ్ళు. "ఏరా తౌనో, ఇవాళ పౌడరు మూతికి మాత్రమే సరిపోయిందా?" అనేవాణ్ణి. నవ్వేవాడు. నవ్వి, చెయ్యి ఇదిగో ఇక్కడ, రొమ్ము మధ్యలో పెట్టుకునేవాడు.

ఆ చెయ్యి ఎందుకో నాకు తెలుసు. వాళ్ళ నాన్నదీ అదే పని, అవే గొట్టాలు. ఆయనకి యాభై నాలుగో ఏట మొదట రొట్టె దిగడం మానేసింది, తర్వాత జావ, ఆ తర్వాత మంచినీళ్ళు. మంచు కరగడం మొదలైనప్పుడు పడుకున్నాడు, చెట్లు చిగురించేసరికి లేడు. ఏళ్ళు గడిచి తౌనోకీ యాభై మూడు నిండాయి, అదే యాభై నాలుగో ఏడు. ఇంక చూస్కో. రొట్టె ముక్క నోట్లో పెట్టుకోవడం, పిండైపోయేదాకా నమలడం, మింగి కదలకుండా కూచోవడం. చెవి లోపలికి పెట్టి వింటున్నట్టు. వాళ్ళావిడ ఐలి విసుక్కునేది, "ఏం వింటున్నావయ్యా, లోపల వాతావరణ వార్తలేమైనా చెప్తున్నారా?" అని. విసుక్కునేదే గాని, వాడు మళ్ళీ నమలడం మొదలెట్టేదాకా తన చెంచా కూడా గాల్లోనే ఆగిపోయేది. నేను ఎదురుగా కూచుని చూసినవాణ్ణి. ఆఖరికి ఆవిడే లాక్కెళ్ళి డాక్టరుకి చూపించింది. ఆయనేమన్నాడు? ముందు పులుపు కొలిచే తీగ వేద్దాం, ఒక పగలూ రాత్రీ ఉంటుంది, పులుపు ఎక్కువగా ఎగదన్నుతోందని తేలితే అప్పుడు కెమెరా గొట్టం దింపి చూద్దాం అన్నాడు. గొట్టం అనేసరికి మనవాడికి మసి కింద కూడా మొహం తెల్లబోయింది. టాక్సీలో నాతో అన్నాడు, "ఒరేయ్ ఆల్పో, ముప్పై ఏళ్ళుగా గొట్టాల్లోకి తొంగిచూస్తున్నాను. చూసిన ప్రతిసారీ ఏదో ఒకటి కనబడింది గాని, ఖాళీగా ఎప్పుడూ లేదురా." నేనేమన్నానో తెలుసా? "ఆల్పో ఉండగా నీకు గొట్టం దింపే మొనగాడు పుట్టలేదు" అన్నాను.

ఆసుపత్రిలో నర్సు ఉంది చూడు, తీగ ముక్కులోంచి దింపి, చెంపకి టేపు వేసి, భుజానికో పెట్టె తగిలించింది. అప్పట్లో పెట్టె అంటే నీ బొటనవేలంత కాదమ్మా, ట్రాన్సిస్టరు రేడియో అంత. "రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి, రోజూ తినేదే తినండి, పనికి కూడా వెళ్ళండి. మంటగా అనిపిస్తే ఈ బొత్తాం నొక్కండి, తిన్నదల్లా ఈ కాగితం మీద రాయండి" అంది. బండి ఎక్కగానే నేనన్నాను, "రోజూలాగానా? డాక్టరు దగ్గరికి రోజూలాగా ఎవడైనా వెళ్తాడట్రా? ముందురోజు సౌనా ఆవిరిగదిలో ఒళ్ళు తోముకుంటామా లేదా? ఇస్త్రీ చొక్కా వేసుకుంటామా లేదా? నువ్వొస్తున్నావని తెలిస్తే ఇల్లంతా మసి చేసే మనిషి కోసం కూడా ఆడవాళ్ళు గచ్చు కడిగి మరీ పేపర్లు పరుస్తారు కదా! ఈ పెట్టె కూడా ఇంటికొచ్చిన చుట్టంలాంటిదే. ఒక్కరోజు ఇల్లు శుభ్రంగా పెట్టి చూపించు, పోతుంది." వాడికీ అది సబబే అనిపించింది. ముక్కులో తీగతో ఇళ్ళకి వెళ్ళాలంటే సిగ్గు కూడానూ. పనికి సెలవు. తిన్నగా నా ఇంటికి తీసుకొచ్చి, ఇదే కిటికీ దగ్గర, ఊగే కుర్చీ ఊగకుండా కాళ్ళకింద కట్టెలు పెట్టి నిటారుగా కూచోబెట్టాను. ఓట్స్ జావ. మధ్యాహ్నం మళ్ళీ ఓట్స్ జావ. సాయంత్రం బ్లూబెర్రీ జావ. కాఫీ చుక్క లేదు. వాడికి తోడు నేనూ తాగలేదు, నేను! నా చరిత్రలో అదొక్కటే రోజు. ఐలి ఫోను చేసింది, "పనికెళ్ళమంది కదా ఆ అమ్మాయి, మీ ఇంట్లో ఏం చేస్తున్నాడు?" అని. "నువ్వు నిశ్చింతగా ఉండు ఐలీ, ఇది నాకొదిలెయ్" అన్నాను.

ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నాలుగింటప్పుడు అనుకుంటా, బూటు తాడు ఊడిందని వంగాడు. లేచేసరికి కళ్ళలో నీళ్ళు. చెయ్యి రొమ్ము మీదకి పోయింది, రెండో చెయ్యి బొత్తాం మీదకి. వేలు దాని మీదే పెట్టి నావంక చూశాడు. "వంగావు కాబట్టి వచ్చిందిరా, అది లెక్కలోకి రాదు" అన్నాను. వేలు తీసేశాడు. అంతే! ఇంక తెల్లారేదాకా ఒక్క నొక్కుడు లేదు. ఆ పెట్టె తయారుచేసినవాళ్ళే వచ్చి చూసుంటే నాకు దండేసి పోయేవాళ్ళు. మూడు వారాలకి ఉత్తరం వచ్చింది, పులుపు మామూలుగానే ఉంది, గొట్టం అక్కర్లేదు అని. ఐలి ఏడ్చింది, సంతోషంతోనే. తౌనో ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని ఇంటింటికీ చూపించాడు, రెండేసి కప్పులు తాగుతూ. నేను టాక్సీ స్టాండులో చెప్పాను, బ్యాంకులో చెప్పాను, ఎక్కినవాడికల్లా చెప్పాను. రెండేళ్ళు చెప్పుకున్నాను ఆ కథ. చెప్పినప్పుడల్లా జావ గిన్నె ఒకటి పెరిగేది.

ఆఁ. తర్వాతా? తర్వాతేముంది. ఊరి చివర ఒకింట్లో పైకప్పు దిగి బల్ల దగ్గర కూచున్నాడు. బన్ను ముక్క దిగలేదు. కాఫీతో దింపుదామని చూశాడు, కాఫీ కూడా దిగలేదు. ఆ ఇల్లాలు నాకు ఫోను చేసింది. పెద్దాసుపత్రికి తొంభై కిలోమీటర్లమ్మా, నలభై నిమిషాల్లో వేసుకెళ్ళాను, దారిలో దుప్పి ఒకటి అడ్డమొస్తే అదే భయపడి పక్కకి తప్పుకుంది. వాడు వెనక సీట్లో కూచోలేదు ఆ రోజు, ముందు నా పక్కనే కూచున్నాడు. మసి కూడా కడుక్కోలేదు. ఒక్క మాటే అన్నాడు, "నాన్నకి రొట్టెతో మొదలైంది, నాకు బన్నుతో. నాదే కాస్త నయం రా" అని.

ఈసారి గొట్టం దింపారు. ఎంతోసేపు పట్టలేదు. డాక్టరు చిన్న వయసావిడ, మెల్లగా మాట్లాడే మనిషి. చెప్పాల్సింది చెప్పేసి, పాత కాగితాలు తిరగేస్తూ తీగ పరీక్ష నాటి కాగితం దగ్గర ఆగింది. "ఓట్స్ జావ, ఓట్స్ జావ, బ్లూబెర్రీ జావ... కాఫీ రాయలేదేమిటండీ? మీరు రోజుకి ఎన్ని కప్పులు తాగుతారు?" అంది. "పదహారు" అన్నాడు తౌనో. ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "మరి ఆ రోజు ఇలా ఉండమని మీకెవరైనా చెప్పారా?" అంది. వాడు గచ్చు చూస్తూ, "ఎవరూ చెప్పలేదండీ. నా అంతట నేనే. శుభ్రంగా కనబడదామని" అన్నాడు.

పక్క కుర్చీలోనే ఉన్నానమ్మా నేను. టోపీ చేతిలో పట్టుకుని. వాడికీ నాకూ మధ్య ఇదిగో, ఇంతే దూరం. నోరు తెరిచాను కూడా. తెరిచి...

మీ వాటాలో స్నానాలగది కుళాయి కారుతోందన్నావు, మనిషొచ్చి బాగుచేశాడా?