మా గుడికి ఓటు

లూథరన్ సంఘాల మహాసభ నుంచి తిరిగొచ్చి, కళ్యాణదుర్గంలో బస్సు దిగిన సంఘపెద్దను వాళ్ల ఊరి గుడికి వెళ్లే ఆవిడ ఆపింది.

“ఏమన్నా, సభలో మన గుడికి ఓటు హక్కు ఇచ్చినారా?”

“యాడిచ్చిరమ్మా. ఉండు, నిలబడే వచ్చినా, కాళ్లు గుంజుతాండాయి. గుళ్లో ప్రభు భోజనం రొట్టె తీసుకునేకి వచ్చినోళ్లను లెక్కబెట్టినారంట, మనం తక్కువంట.”

“వాళ్లు లెక్కబెట్టింది ఎండాకాలంలో కదన్నా! వానల్లేక శెనక్కాయ పంట పోయి మనోళ్లంతా బెంగుళూరుకు కూలికి పోయినారు. క్రిస్మస్‌కు చూడమను, గుళ్లో కూచునేకి తావుండదు.”

“అదే చెప్పినా. అట్లయితే వాళ్లను బెంగుళూరు సంఘంలో లెక్కేస్తామన్నారు.”

“ఆడ మేస్త్రి ఆదివారం ఇడిస్తే కదా, గుడికి పోయేది!”

“అదీ చెప్పినా. కడాకు, మనట్లా చిన్న సంఘాలకు ఓటు ఇయ్యాల్నా వద్దా అని అందర్నీ చేతులెత్తమన్నారు.”

“నువ్వూ ఎత్తినావు కదా?”

“ఓటున్నోళ్లే ఎత్తల్లంట.”

“అంతదూరం పోయి ఊరికే కూచుని వచ్చినావా?”

“లేదు మా. వయసులో పెద్దోడినని ముగింపు ప్రార్థన నాతో చేయించినారు.”

“ఏమని చేసినావు?”

“వాన కావల్లని. దానికి మాత్రం అందరూ ఆమేన్ అన్నారు.”