లెయొన్‌హార్ట్ గాప్‌మయర్ గారు గోడకు ఆనించిన కర్రలు

పంతొమ్మిది వందల ఎనభై అక్టోబరు ఆరవ తేదీన, ఇరవై ఏళ్ల ప్రాయంలో, సొంత సుత్తితోనూ తండ్రి తొడిగి వదిలిన బూట్లతోనూ శ్రీ లెయొన్‌హార్ట్ గాప్‌మయర్ గారు మన లోయ విద్యుత్ సహకార సంఘంలో పైకప్పుల పనివారిగా చేరారు. నలభై ఐదేళ్ల సేవానంతరం ఈ నవంబరు నెలాఖరున వారు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికలో వారిని గురించి నాలుగు మాటలు రాసే బాధ్యత నక్షాల విభాగంలో పనిచేస్తున్న ఈ వ్యాసకర్తకు అప్పగించబడింది.

తొలి పాతికేళ్లూ వారి పని రేకు కప్పులతోనే గడిచింది. ఏ కప్పు ఎంత మంచు మోస్తుందో, ఏ గాలికి ఎటు జారుతుందో వారికి కింద నిలబడి వింటేనే తెలిసేది. పైనుంచి మంచు జారి పడవచ్చు, చూరు కింద నడవవద్దని చెప్పడానికి మన లోయలో గోడకు ఏటవాలుగా రెండు కర్రలు ఆనిస్తాం. ఆ పని ఎవరిదని ఏ కాగితంలోనూ రాసి లేదు. మంచు కురిసిన ప్రతి ఉదయం వారు కాఫీ సగంలో వదిలేసి వెళ్లి మరీ నిలబెట్టేవారు. తొంభై ఆరులో మేస్త్రీ అయ్యారు. రెండు వేల ఐదులో సోలార్ పలకలు వచ్చినప్పుడు, నలభై ఐదేళ్ల వయసులో, కుర్రవాళ్ల పక్కన బల్ల మీద కూర్చుని ఆ విద్య కొత్తగా నేర్చుకున్నారు. ఈ లోయలో నాలుగు వందల పైచిలుకు కప్పుల మీద ఎండను పట్టి దీపాలు వెలిగించింది వారి చేతులే.

అభినందన వ్యాసం ఇక్కడి నుంచి నేరుగా సన్మానపత్రాలకు వెళ్లవలసింది. కాని గత నెల లెయొన్‌హార్ట్ గారు నక్షాల గది గుమ్మంలో, టోపీ చేత పట్టుకుని నిలబడ్డారు.

“ఎగిడ్, నా గురించి నువ్వే రాస్తున్నావట.”

“అవును, లియో.”

“ఆఫ్రా సంగతి రాస్తావా?”

“ఇలాంటి సంచికల్లో అవన్నీ రాయరు.”

“అయితే సన్మానం రోజు నా కుర్చీ ఖాళీగా వేసుకోండి. కేకు మీరే తినండి.” వెళ్లబోతూ వెనక్కి తిరిగి, “మంచు పడింది అని రాయకు. మంచు ఎప్పుడూ పడేదే. లియో కర్రలు తీసేశాడు అని రాయి,” అన్నారు.

కనుక రాయడమైనది.

రెండు వేల పన్నెండు ఫిబ్రవరి. ఓబర్‌లాన్ గ్రామ పఠనాలయం కప్పుకు ముందటి వేసవిలో పలకలు బిగించింది లెయొన్‌హార్ట్ గారే. మూడు రోజులు ఎడతెగక మంచు కురిస్తే, మూడు రోజులూ తలుపుకు ఇరువైపులా కర్రలు నిలిపిందీ వారే. నాలుగో ఉదయం ఆకాశం తేటపడింది. చలి సున్నాకు పన్నెండు డిగ్రీల కింద ఉంది. అంత చలిలో రేకు మీది మంచు కదలదని మూడు తరాల పనివారు నమ్మినట్టే వారూ నమ్మి, దారిన పోతూ కర్రలు తీసి చంకన పెట్టుకున్నారు. అయితే నల్లటి గాజు పలక చలిని లెక్కచేయదు. దానికి ఎండ ఒక్కటి చాలు. పదకొండు గంటలకు పలకల మీది మంచంతా ఒక్కపెట్టున జారి, మంచును ఆపడానికి చూరుకు బిగించే, రేకు ఎత్తుకు మాత్రమే సరిపోయే కమ్మీల మీదుగా దూకింది. కార్నివాల్ పండుగకు వేయించే తీపి క్రాప్‌ఫెన్‌ల పళ్లెం లోపల ఇచ్చి, ఖాళీ చేతులతో బయటికి వస్తున్న శ్రీమతి ఆఫ్రా దాని కింద కూరుకుపోయింది. ఆమె ఈ వ్యాసకర్త భార్య.

ఆ చప్పుడు విని వీధి చివరి నుంచి పరుగెత్తి వచ్చింది లెయొన్‌హార్ట్ గారే. పార అందుబాటులోనే ఉంది. అది ఎక్కడ ఆమెకు తగులుతుందోనని ముట్టుకోలేదు. రాయిలా బిగిసిన మంచును వట్టి చేతులతో తవ్వారు. ఆమెను బయటికి తీసేసరికి వారి వేళ్లకు గోళ్లు సరిగా లేవు. ఆమె ఆసుపత్రిలో ఆరు రోజులు బతికింది. ముఖానికి అడ్డం పడిన ఉన్ని కండువా వల్ల ఊపిరి ఆడిందని, అందుకే ఆ ఆరు రోజులైనా దక్కాయని వైద్యులు అన్నారు.

ఆ వసంతంలో రాజీనామా పట్టుకుని వచ్చిన వారిని సంఘం వదలలేదు. నాటి నుంచి వారు మాట్లాడటం తగ్గించి పని పెంచారు. పలకల ఎత్తుకు సరిపోయేలా ఎత్తైన కమ్మీలు చేయించి రెండు వరసలు బిగించారు. తలుపుల నెత్తిన పలకలు పెట్టనివ్వలేదు. మంచు వెలిసి ఎండ కాసే ఉదయాన్ని, మంచు కురిసే రోజుకన్నా ప్రమాదమైనదిగా చూడటం లోయకు నేర్పారు. అది నేర్పడం సులభం కాలేదు. ఎనభై నాలుగేళ్ల క్రెసెన్స్ అవ్వ చూరు కింది దండెం మీద దుప్పటి, తన గోడకు ఆనించిన కర్రల మీద మేజోళ్లు ఆరేసేది.

“ఒరే లియో, ఇంత ఎండ కాస్తుంటే ఈ కట్టెలేమిట్రా? నా ఇల్లు కూలిపోతోందని ఊరంతా అనుకుంటున్నారు!”

“అవ్వా, మధ్యాహ్నం దాకా వెనక తలుపులోంచి తిరుగు.”

“పెళ్లై వచ్చిన నాటి నుంచి ముందు తలుపే వాడుతున్నాను. నువ్వు పుట్టకముందు నుంచీ!”

వారు ముందు తలుపుకు తాళం వేసి, చెవి జేబులో వేసుకుని మెట్టు మీద కూర్చోబోయి, చూరు కింద ఉండవద్దన్న తన మాట తానే గుర్తు చేసుకుని రోడ్డు అవతల కూర్చున్నారు. పదిన్నరకు మంచు దిగి, దండెం, దుప్పటి, మేజోళ్లు అన్నింటినీ తీసుకుపోయింది. అవ్వ కిటికీలోంచి చాలాసేపు చూసింది.

“దుప్పటి పోయి ముసలిది మిగిలింది. నష్టమే రా లియో,” అంది. “లోపలికి రా, సూప్ ఉంది. వెనక తలుపులోంచి రా.”

ఆఫ్రా తర్వాత ఈ లోయలో పలకల మంచు కింద ఎవరూ పడలేదు. సన్మానపత్రాల్లో ఈ వాక్యం ఉండదు కాబట్టి ఇక్కడ ఉంచుతున్నాం.

మరొకటి. ఈ వ్యాసకర్త ఇంటి కప్పు మీద పలకలు లేవు. అయినా ఆఫ్రా పోయిన ఏడాది నవంబరులో తొలి మంచు వెలిసిన ఉదయం తలుపు తీస్తే గోడకు రెండు కర్రలు ఆని ఉన్నాయి. విసిరేద్దామని చేత పట్టుకుని, మళ్లీ అక్కడే పెట్టడం జరిగింది. పదమూడు శీతాకాలాలుగా అవి తప్పకుండా వస్తున్నాయి. వాటి గురించి ఇద్దరి మధ్యా మాట లేదు. పని మాటలు తప్ప వేరే మాటా లేదు.

తన తప్పు రాయమన్నారు గనుక, ఈ వ్యాసకర్త తప్పు కూడా పక్కనే ఉండాలి. ఆసుపత్రిలో మూడో రోజు సాయంకాలం ఆఫ్రాకు కాసేపు స్పృహ వచ్చింది.

“లియో చేతులకి కట్టు కట్టారా?”

“కట్టారు.”

“ఆ చేతులతో ఇంకా చాలా కప్పులు ఎక్కాలి వాడు. వాణ్ణి ఏమీ అనకు, ఎగిడ్.”

అనలేదు. కాని ఆమె అడిగిన సంగతి కూడా ఆయనకు చెప్పలేదు. పదమూడేళ్లు దాచుకున్న ఆ మాటను, అది చేరవలసిన మనిషికి ఇప్పుడు అందజేస్తున్నాను. లియో, ఆమె నీ చేతుల గురించి అడిగింది.

ఈ డిసెంబరు నుంచి మీ గోడకు కర్రలు ఆనించే పని ఈ వ్యాసకర్తది. మీరు కాఫీ పూర్తిగా తాగండి. మీ శ్రీమతి వాల్‌బుర్గ గారితో కలిసి మీరు సంపూర్ణ ఆరోగ్యంతో చాలా శీతాకాలాలు చూడాలి. మంచు వెలిసిన ఉదయం కిటికీలోంచి వెలుగు పడినప్పుడు, లేచి కోటు అందుకోకుండా, ముఖం మీద దాన్ని కాసేపు ఉండనివ్వాలి. అది మీకు వట్టి ఎండగానే తోచే రోజులు ఎన్నో రావాలని మా అందరి ఆకాంక్ష.