ఉరుమును ఆపిన కిటికీ

భార్య పోయిన ఇరవయ్యో రోజు సాయంత్రం డ్రైవరుగారు మళ్ళీ టీకొట్టు బల్ల మీదికి వచ్చి కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు బస్సు తోలుతూ హారన్‌తో జనం చెవులకు చిల్లులు పొడిచి, రిటైరయ్యాక తన వీధి రొద తనే భరించలేక రెండు పొరల అద్దాల కిటికీ పెట్టించుకున్న మనిషి. ఆ కిటికీ బిగించిన అద్దాల మేస్త్రి పక్కనే ఉన్నాడు. పరామర్శ మాట ఎలా ఎత్తాలో తెలియక గ్లాసులోకి చూస్తున్నాడు.

ఆ అవసరం లేకపోయింది. డ్రైవరుగారు కోతలు మొదలుపెట్టేశారు.

"మా కిటికీ సంగతి విన్నారా? బిగించిన రోజు వీధిలో బస్సు హారన్ కొడితే, లోపల నాకు దోమ రొదంత వినపడింది. సరే, అదేం గొప్ప కాదనుకోండి. మర్నాడు ఆ దోమ కూడా లేదు! ఏమిటా అని చూద్దును గదా, హారన్ మోతలన్నీ అద్దానికి కొట్టుకుని కిటికీ గట్టు మీద కుప్పలుగా పడున్నాయి. చీపురు పట్టుకుని ఊడిస్తే మూడు గోనెలు నిండాయి."

"మూడేనా?" అన్నాడు టీకొట్టు యజమాని, నవ్వాలో వద్దో తేల్చుకోలేక.

"ఆ ఒక్కరోజుకే మూడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా దగ్గర పని నేర్చుకున్న డ్రైవరొకడు రొప్పుకుంటూ మెట్లెక్కి వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. 'గురువుగారూ, మా బండి మూగబోయింది, దాని హారన్ మీ గోనెలో ఉందేమో చూడండి' అని. వెతికి ఇచ్చి పంపాను. అదలా ఉంచండి, మొన్న వానకి ఒక ఉరుము వచ్చింది. మామూలు ఉరుమా, నాలుగు వీధుల కిటికీలు బద్దలు కొట్టుకుంటూ వచ్చింది. మా అద్దం దగ్గర ఆగింది. తట్టింది, బతిమాలింది, చివరికి వచ్చిన దారినే మబ్బులోకి పోయింది పాపం. ఉరుముకే దారి దొరకలేదే, ఇక మనిషి గొంతెంత? నువ్వే చెప్పు మేస్త్రీ, మనిషి గొంతు లోపలికి వస్తుందా? రాదు కదా?"

ఇన్ని కోతలూ ఈ ఒక్క ప్రశ్న కోసమేనని మేస్త్రికి అప్పటికి అర్థమైంది. డ్రైవరుగారి ఇల్లు మూడో అంతస్తు, ఆవిడకి గుండె జబ్బు. బజారు నుంచి వచ్చి కింద నిలబడి "ఏమండీ" అని కేకేస్తే, ఆయన కిటికీలోంచి తాడుతో బుట్ట దింపేవారు. సామాను బుట్టలో వెళ్ళేది, ఆవిడ వట్టి చేతులతో ఆగి ఆగి ఎక్కేది. తాడు కట్టే కొక్కెం అడ్డొచ్చి అద్దం చుట్టూ రబ్బరు సరిగ్గా కూర్చోవడం లేదని మేస్త్రి అంటే, "పీకెయ్యి, ఇకనుంచి నేనే దిగి తెస్తాలే" అన్నారాయన. మేస్త్రి పీకేశాడు. పది రోజులు తిరక్కుండానే ఆవిడ సామాను సంచితో రెండో అంతస్తు మెట్ల మీద కూలిపోయింది.

అద్దాలు ఎన్ని పొరలు వేసినా రొద తగ్గుతుందే గానీ పూర్తిగా పోదని మేస్త్రికి తెలుసు. అయినా, "రాదండీ, అస్సలు రాదు" అన్నాడు.

"విన్నారా!" అని డ్రైవరుగారు బల్ల చరిచారు.

ఆ కిటికీ కిందే కుట్టుమిషను పెట్టుకునే దర్జీ కూడా ఆ బల్ల మీదే ఉన్నాడు. ఆవిడని అక్కా అని పిలిచేవాడు.

"అక్క మూడుసార్లు పిలిచింది బావగారూ" అన్నాడు తలెత్తకుండా. "మూడోసారి మీరు కిటికీ దగ్గరికి వచ్చారు. పైకి వచ్చెయ్యమని చెయ్యి ఊపారు. నేను సంచి అందుకోబోతే, నీకు గిరాకీ ఉంది కదరా అని అక్కే ఎక్కేసింది."

డ్రైవరుగారు మరో కోత కోసం నోరు తెరిచారు. వీధిలో ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. అది మలుపు తిరిగేదాకా ఆగారు.

"వినపడింది" అన్నారు. "మొదటిసారే వినపడింది. మళ్ళీ ఏం దిగుతాంలే అని కూర్చున్నాను."