పెట్టె ఇంజను

పందొమ్మిది వందల పన్నెండు. టెక్కలి దగ్గర ఒక మిషను పనుల బడి. విద్యార్థులు పాఠం కోసం తమ చేతులతో కట్టిన ఆవిరి ఇంజను నమూనా బల్ల మీద ఉంది. దాని కింది చెక్కపెట్టెలో, మోకాళ్లు గడ్డానికి ఆనించి, చక్రం పిడి పట్టుకుని బర్నబా. పెట్టె పక్కన కూర్మారావు.

"నెమ్మదిరా బర్నబా, నెమ్మది! చక్రం ఎగిరిపోయేలాగుంది."

"పొగ, కూర్మా. కళ్లు మండిపోతన్నాయి. ఒక్కపాలి తలుపు తియ్యరా."

"తీత్తే మిషను దొర సూడ్డా? అల్లదిగో, మత్తయి మేష్టారితో గుమ్మంలో మాటాడతన్నాడు. తిప్పు."

"నిజంగా ఆడించి సూపిద్దారనుకున్నాం గదరా..."

"ఏటాడింది? పిస్టనుకి కొబ్బరి పీచు సుట్టినోడివి నువ్వే. నిన్న మంటెట్టగానే ఆవిరంతా పక్కల్నుంచి బుస్సుమని పోనేదా? ఈయేళ మంట ఉత్త ఆర్భాటానికే."

"నిన్న పీచు తడవకముందే మంట ఆర్పేసినావు. మా అక్కుపల్లిలో పడవ సందుల్లో కుక్కిన పీచు గూడా, నాని ఉబ్బితేగానీ నీళ్లాపదు..."

"పడవ కబుర్లిప్పుడా! ఇంజను ఆడకపోతే ఈ క్లాసే ఎత్తేత్తానన్నాడు దొర. మళ్లీ తలుపు సెక్కలకి సిత్రిక పట్టుకుంటా కూకోవాల. పలాసలో రైలు పని నీకొద్దేటి?"

"కావాల. ఊపిరి గూడా కావాల."

"నవ్వించకు. దొర ఇటే సూత్తన్నాడు."

"కూర్మా... ఆ ఆవిరి బుస ఆగిపోనాది. ఇన్నావా?"

"మంచిదే. తిప్పు."

"అది కాదురా, నా సెయ్యి..."

"సెయ్యి పీకతాది, నాకు తెల్దా? ఇంకొంచెం ఓర్సుకో. ఒరే, నెమ్మదంటే మరీ జోరు పెంచుతావేటి? అనుమానపడతార్రా! బర్నబా! పలకవేటి?"

"కూర్మారావూ, పెట్టె తలుపు తియ్యి."

"మేష్టారూ! దొర ఇంకా ఎల్లనేదండి."

"వెళ్లరు. నేను చెప్పేశాను."

"ఏటి సెప్పేసినారండి?"

"లోపల మనిషి ఉన్నాడని. చక్రం తిరగడం చూసి ఆయన నా చెయ్యి పట్టుకుని, 'మత్తయిగారూ, ఆడదనుకున్నాను, మీ కుర్రాళ్లు నన్ను ఓడించేశారు' అన్నారురా. ఎంత సంతోషం ఆ ముఖంలో! పొద్దున ప్రార్థన చెప్పిన నోరు ఇది. ఇంకా ఎలా అబద్ధం ఆడను?"

"మరి... క్లాసు?"

"రేపటి నుంచి లేదు. పెట్టె విప్పి చూపించమన్నారు. అదిగో, వస్తున్నారు. తియ్యరా."

"తీసినానండి. ఒరే బర్నబా, అయిపోనాది. బయటికి రా."

"రానేను."

"సిగ్గుపడకురా నాయనా. సరేనన్నది నేను, తప్పు నాది. నిన్నేమీ అననివ్వను. రా."

"సిగ్గు కాదండి మేష్టారూ. పిడి నా రొమ్ముకి అడ్డంగా తిరుగుతందండి. కదిలితే డొక్క సీరేత్తాది."

"అయితే తిప్పడం ఆపరా!"

"నానెప్పుడో వొదిలేసినానండి. అదే తిరుగుతంది."