నెల్సన్ బోర్డు మీది ముఖం

(ఇంగ్లండ్, నార్ఫోక్ తీరం, 1807. పబ్బు కింద నేలమాళిగ. బీరు పీపాల మధ్య ఒబెడ్, మెట్ల మీద అతని భార్య టాబిత.)

“మెల్లగా! పైన కమ్మరి డాగెట్ ఉన్నాడు.”

“ఉంటే ఉండనీవే. నా పబ్బులో నేనే ఎలకలా నక్కాలా?”

“నావికాదళం ఓడ నుంచి పారిపోయొచ్చావు, ఒబెడ్. దొరికితే ఉరే.”

“పట్టించేదెవరు? మనూరోళ్ళేగా!”

“మనూరోళ్ళ లెక్కలో నువ్వు పోయావు. ట్రఫాల్గర్ యుద్ధంలో, ప్రాణాలొదిలిన మన నౌకాసేనాని నెల్సన్ దొర పక్కనే.”

“ఎవడన్నాడు?”

“నేనే అన్నాను.”

“ఓసినీ! యుద్ధం నాటికి నేను పోర్ట్స్‌మత్‌లో గడ్డివాములో దాక్కుని ఉన్నానే!”

“అదంతా నాకెందుకులే.”

“పైన అందరూ ఒక్కసారే నోళ్ళు మూసుకున్నారేంటి?”

“నెల్సన్ పేరు మీద తాగుతున్నారు. అప్పుడు మాట్లాడకూడదు. తర్వాతి గుక్క నీ పేరు మీద.”

“హహ! సరే, పేరు మార్చుకుంటా. మీ మేనమామ కొడుకునని చెప్పు. గడ్డం పెంచుతా.”

“లాభం లేదు. వచ్చేటప్పుడు గుమ్మం మీద కొత్తగా కట్టిన నెల్సన్ బొమ్మ బోర్డు చూడలేదా?”

“పొద్దున ఆ మంచులో నా చెయ్యే నాకు కనబళ్ళేదు.”

“రంగుల కెటరింగమ్ నెల్సన్‌ని ఎప్పుడు చూశాడు? ఏ ఊరి నెల్సన్‌కి ఆ ఊరివాడి పోలికే వేస్తారు. నిన్ను చూశాడుగా, రోజూ ఇక్కడే తాగేవాడు. నీ ముఖం వెయ్యమన్నాను. ముక్కు మీద గాటుతో సహా. ఇప్పుడు పాలు తాగే పిల్లలు కూడా నిన్ను గుర్తుపడతారు.”

“పిచ్చిమొహమా! మొగుడంటే అంత ప్రేమా?”

“ఊఁ.”

“రేపే దించి పొయ్యిలో పెట్టు.”

“పాదిరిగారు దీవించిన బోర్డు. దించితే ఊరు ఊరుకోదు.”

“మరి నేనెక్కడికి చావనే? బయట ఉరి, ఇక్కడ ఈ పీపాలు!”

“నువ్వొక్కడివేనా ఇరుక్కుంది? నేను వీరుడి విధవని. గట్టిగా నవ్వినా ఊరంతా తిరిగి చూస్తుంది.”

“నోరు లేస్తోందే! నా చెయ్యి మర్చిపోయావా?”

“మర్చిపోలేదు. ఈ ఎడమ చెవి ఇప్పటికీ వినపడదు.”

“ఏదో తాగి ఒక దెబ్బ…”

“ఒక దెబ్బా?”

“సరే, సరేలేవే. చూడు టాబీ, నన్ను ఎలాగోలా బయటపడెయ్. నీ ప్రేమ నా పీకకి చుట్టుకుంది.”

“ప్రేమా? నువ్వు పారిపోయావని మీ ఓడవాడొకడు అప్పుడే చెప్పాడు. ఎప్పటికైనా ఈ గుమ్మం తొక్కుతావని నాకు తెలుసు. అందుకే, ఒబెడ్, నీ ముఖం వేయించాను.”